తాబేలును చెరువులో వదిలే ముందు దాని కాళ్లు చూడండి

పొలం గట్టు మీదో, తారు రోడ్డు దాటుతూనో ఒక తాబేలు కనబడితే మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటే. జాలిపడి దాన్ని పట్టుకెళ్లి దగ్గర్లో ఉన్న చెరువులోనో, బావిలోనో వదిలేస్తారు. ఇంకాస్త ఉత్సాహం ఉన్నవాళ్లయితే వీడియో తీసి, పాపం నీళ్లు దొరక్క అల్లాడుతుంటే కాపాడాం అని కింద రాసుకుంటారు. అది చెరువు తాబేలే అయితే గొడవ లేదు, ఈదుకుంటూ పోతుంది. కానీ నేల మీద బతికే జాతిదైతే, ముఖ్యంగా రాయలసీమ ముళ్ల పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలైతే, మీరు దాన్ని ముంచేసినట్టే. దానికి ఈత రాదు. కాసేపు కాళ్లు కొట్టుకుంటుంది, మెడ పైకెత్తి గాలి పీల్చుకోవడానికి తంటాలు పడుతుంది, ఒడ్డు దొరక్కపోతే చచ్చిపోతుంది. బావిలోనైతే ఒడ్డు అన్న మాటే ఉండదు కదా.

తెలిసి చేసే పని కాదు కాబట్టి తిట్టడానికేం లేదు. చిన్నప్పటి నుంచి మనం విన్న కథల్లో ఒక తాబేలు కుందేలుతో పందెం వేస్తుంది, ఇంకొకటి చెరువు ఎండిపోతోందని హంసలు పట్టుకున్న కర్రను నోట కరుచుకుని ఆకాశంలోకి లేస్తుంది, మూడోది ఏకంగా పాలసముద్రం అడుగున కూర్చుని మందర పర్వతాన్ని వీపు మీద మోస్తుంది. బొమ్మలు వేసేవాళ్లు మూడింటికీ ఒకే బొమ్మ వేసేస్తారు. నేల, మంచినీరు, సముద్రం అని మూడు చోట్లా మూడు వేర్వేరు రకాల బతుకులని, ఒకచోట బతికేదాన్ని తెచ్చి ఇంకోచోట పెడితే బతకదని మాత్రం ఎవరూ చెప్పరు. స్కూలు పుస్తకంలో కూడా ఉభయచరం అనో, సరీసృపం అనో ఒక మాట ఉంటుంది, అంతే. (సరీసృపమే. కప్పలాంటి ఉభయచరం కాదు. నీళ్లలో బతికే తాబేలు కూడా పైకొచ్చి ముక్కుతో గాలి పీల్చుకోవాల్సిందే, గుడ్లు మాత్రం నేల మీదే పెట్టాల్సిందే.)

ముందు లెక్క చూద్దాం. ప్రపంచంలో ఇప్పుడు బతికున్న తాబేళ్ల జాతులు దాదాపు 360. అందులో సముద్రంలో బతికేవి 7 మాత్రమే. టెస్టుడినిడే అనే కుటుంబానికి చెందిన నేల తాబేళ్లు దాదాపు 50. మిగిలినవన్నీ, అంటే చాలా ఎక్కువ భాగం, నదులూ చెరువులూ బురద గుంటల్లో బతికే మంచినీటి తాబేళ్లు. ఇంగ్లీషులో టార్టాయిస్ అంటే ఆ 50 జాతులు. టర్టిల్ అంటే అమెరికాలో మొత్తం అన్నీ, బ్రిటన్‌లో మామూలుగా సముద్రపువి. ఈ గందరగోళం వల్లే ఇంటర్నెట్‌లో టార్టాయిస్ వేరు, టర్టిల్ వేరు అంటూ రెండు గడుల పట్టికలు తెగ తిరుగుతుంటాయి. ఆ పట్టికలు చాలావరకు తప్పుదారి పట్టిస్తాయని నా అభిప్రాయం. ఎందుకంటే నేల తాబేళ్లు తాబేళ్లకు అవతల ఉన్న ఇంకో జంతువు కాదు, తాబేళ్ల వంశంలోనే ఒక కొమ్మ. అది టర్టిలా, టార్టాయిసా అని అడగడం అది చెట్టా, మామిడా అని అడిగినట్టు ఉంటుంది.

మరి కంటికి కనబడే తేడా లేదా అంటే ఉంది, కాకపోతే అందరూ చూసే చోట లేదు. అందరూ చిప్ప చూస్తారు. మీరు కాళ్లు చూడండి. నేల తాబేలు కాళ్లు ఏనుగు కాళ్లలా ఉంటాయి, లావుగా స్తంభాల్లా దిగి కింద మొద్దుగా ఆగిపోతాయి. వేళ్లు విడిగా కనబడవు, మొద్దు గోళ్లు మాత్రం ముందుకు పొడుచుకుని ఉంటాయి, వేళ్ల మధ్య తోలు ఉండదు. ముందు కాళ్ల మీద గట్టి పొలుసులు ఉంటాయి, తల లోపలికి లాక్కుని ఆ రెండు కాళ్లనూ ముఖానికి అడ్డం పెట్టుకుందంటే నక్క కూడా ఏమీ చేయలేక వదిలేసి పోవాల్సిందే. చెరువు తాబేలు కాళ్లు చదునుగా ఉంటాయి, వేళ్లు విడివిడిగా తెలుస్తాయి, వాటి మధ్య సాగే తోలు ఉంటుంది, చివర పదునైన గోళ్లుంటాయి. ఇక సముద్ర తాబేలుకు పాదం అనేదే కనబడదు. చేతి వేళ్ల ఎముకలే బాగా పొడుగు సాగి, పైన చర్మం కప్పుకుని, మొత్తం ఒక తెడ్డు అయిపోయింది. నీళ్లలో ఆ తెడ్లతో వేల కిలోమీటర్లు పోతుంది, ఒడ్డుకొస్తే మాత్రం ఒళ్లు ఈడ్చుకుంటూ నానా అవస్థ పడుతుంది. మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఎడమ తెడ్డు, కుడి తెడ్డు మార్చి మార్చి వేస్తూ పాకుతుంది. పచ్చ తాబేలు, తోలు తాబేలు అనే వేరే సముద్ర తాబేళ్లు రెండు తెడ్లూ ఒకేసారి వేసి ముందుకు ఉరుకుతాయి. తెల్లవారుజామున బీచ్‌లో ఆ జాడలు చూసి రాత్రి ఏది వచ్చిపోయిందో చెప్పేవాళ్లున్నారు.

చిప్ప చూసి తేల్చేయొచ్చని ఎందుకు అనుకుంటారంటే, మామూలుగా నేల తాబేలు చిప్ప గుమ్మటంలా ఎత్తుగా బరువుగా ఉంటుంది, నీటి తాబేలుది చదునుగా తేలిగ్గా ఉంటుంది. కారణం కూడా సులువే. నీళ్లలో ఎత్తు చిప్ప ఉంటే ఈదేటప్పుడు అడ్డం, నేల మీదైతే అదే ఎత్తు చిప్ప శత్రువు నోట్లో పట్టదు, పైగా వెల్లకిలా పడినప్పుడు తిరిగి లేవడానికి పనికొస్తుంది. ఈ చివరి విషయం మీద ఒక మంచి ముచ్చట ఉంది. హంగరీకి చెందిన గాబోర్ దొమొకోష్, పీటర్ వార్కోన్యి అనే ఇద్దరు 2006లో గోంబొట్స్ అనే వస్తువు తయారుచేశారు. లోపల ఎక్కడా అదనపు బరువు పెట్టకుండానే, ఎటు పడేసినా చివరికి ఒకే ఒక్క భంగిమలో లేచి నిలబడే ఆకారం అది. తర్వాత వాళ్లిద్దరూ తాబేళ్ల చిప్పల కొలతలు తీసి 2008లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఎత్తు చిప్ప ఉన్న నేల తాబేళ్లు దాదాపు ఆ ఆకారం మీదే ఆధారపడి పొర్లి లేస్తాయని తేలింది. ఆ ఆకారానికి బాగా దగ్గరగా వచ్చేవాటిలో మన నక్షత్ర తాబేలు ఒకటి! మదనపల్లి వైపు పొదల్లో గడ్డి మేసుకుంటూ తిరిగే జీవి వీపు మీద అంత జ్యామితి ఉందన్నమాట. చదును చిప్ప ఉన్న నీటి తాబేళ్లకు ఈ సౌకర్యం లేదు, అవి పొడవాటి మెడను నేలకు ఆనించి, దాంతో తోసుకుని తిరగబడతాయి.

కానీ చిప్పను నమ్ముకుంటే మోసపోతారు. కెన్యా, టాంజానియాల్లో పాన్‌కేక్ తాబేలు అని ఒకటుంది. అసలు సిసలు నేల తాబేలే అయినా చిప్ప అట్టులా చదునుగా, వంగేంత మెత్తగా ఉంటుంది, ప్రమాదం వస్తే రాళ్ల సందులోకి దూరి ఇరుక్కుని కూర్చుంటుంది. దీనికి పూర్తిగా తిరగేసిన కేసు అమెరికాలోని బాక్స్ తాబేలు. ఎత్తు చిప్ప ఉంటుంది, అడవి నేల మీదే ఎక్కువగా తిరుగుతుంది, చూసినవాళ్లెవరైనా నేల తాబేలనే అంటారు, తీరా చూస్తే అది అక్కడి చెరువు తాబేళ్ల కుటుంబం నుంచి వచ్చింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన చెరువుల దగ్గరే నల్ల తాబేలు ఉంటుంది, ముదురు రంగు గట్టి చిప్ప, వీపు మీద పొడవునా మూడు గట్లు. వానలు పడ్డాక ఇది నీళ్లలోంచి బయటికొచ్చి గట్ల మీద, తోటల్లో బాగానే తిరుగుతుంది. అప్పుడు చూస్తే నేల తాబేలు అనుకోవడం ఖాయం. కాళ్లు చూస్తేనే వేళ్ల మధ్య తోలు కనబడి అసలు సంగతి బయటపడుతుంది.

అసలు చిక్కుముడి ఇక్కడే మొదలవుతుంది. ఈ నల్ల తాబేలు బతికే చెరువులోనే ఇంకో తాబేలు ఉంటుంది, మన రెండు రాష్ట్రాల్లో బహుశా అందరూ ఎక్కువగా చూసేది అదే. దాని చిప్ప మీద గట్టి పెంకులు ఉండవు, పైన తోలులాంటి చర్మం కప్పి ఉంటుంది, అడుగున వెనక కాళ్ల దగ్గర రెండు మడతలుంటాయి, కాళ్లు లోపలికి లాక్కోగానే అవి మూసుకుంటాయి. ఇంగ్లీషులో ఫ్లాప్‌షెల్ అంటారు. ఇప్పుడు నల్ల తాబేలు, ఈ మెత్త చిప్ప తాబేలు, రాయలసీమ నక్షత్ర తాబేలు అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి, వీటిలో దగ్గరి చుట్టాలు ఎవరు అని అడిగితే, ఒకే చెరువు నీళ్లు తాగుతున్న రెండూ చుట్టాలని చెప్తాం. తప్పు. నల్ల తాబేలు కుటుంబానికి అతి దగ్గరి బంధువులు నేల తాబేళ్లే. మెత్త చిప్ప తాబేళ్లు ఎప్పుడో కోట్ల ఏళ్ల క్రితమే విడిపోయిన వేరే శాఖ. సముద్ర తాబేళ్లు మళ్లీ ఇంకో శాఖ. అంటే నేల, మంచినీరు, సముద్రం అని మనం చేసుకునే మూడు భాగాలు తాబేలు ఎక్కడ బతుకుతుందో చెప్తాయి గానీ ఎవరికి ఎవరు బంధువో చెప్పవు. మంచినీటి తాబేలు అనేది ఒక వంశం కాదు, ఒక చిరునామా. ఒకే చిరునామాలో సంబంధం లేని కుటుంబాలు ఎన్నో ఉంటున్నాయి. పట్టికలు ఎందుకు పనిచేయవో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో ఉండే ఇంకో పెద్ద శాఖ మెడను లోపలికి లాక్కోకుండా పక్కకి మడిచి చిప్ప అంచు కింద దాచుకుంటుంది. మన దేశంలో అవి లేవు కాబట్టి వాటిని ఇక్కడ వదిలేద్దాం.

చిప్ప గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. కార్టూన్లలో తాబేలు చిప్ప విప్పేసి చొక్కా మార్చుకున్నట్టు బయటికొస్తుంది చూడండి, అంతకంటే పెద్ద అబద్ధం లేదు. చిప్ప దాని వెన్నెముక, దాని పక్కటెముకలు. అవే వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఆ డొప్ప తయారైంది. మనకు భుజం ఎముక పక్కటెముకల గూటికి బయట ఉంటుంది, తాబేలుకు గూటి లోపల ఉంటుంది, వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత విచిత్రమైన అమరిక ఇంకెక్కడా లేదు. పక్కటెముకలు కదలవు కాబట్టి మనలా ఛాతీ ఉబ్బించి ఊపిరి తీసుకోలేదు, కడుపు దగ్గరి కండరాలతో ఊపిరితిత్తులను నొక్కుతూ వదులుతూ పీల్చుకుంటుంది. చిప్పకు స్పర్శ కూడా తెలుస్తుంది. అందుకే రంధ్రం చేసి తాడు కట్టడం, పెయింట్ వేయడం లాంటివి చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

తల, కాళ్లు లోపలికి లాక్కోవడం అన్ని తాబేళ్లకూ వచ్చనుకుంటాం కదా, ఇంద్రియాలను తాబేలులా లోపలికి ముడుచుకోవాలని పెద్దలు చెప్పే పోలిక కూడా ఉంది. సముద్ర తాబేలుకు అది రాదు. తల, తెడ్లు ఎప్పుడూ బయటే. వేగంగా ఈదడానికి శరీరం అలా తయారైంది, దాక్కోవడం అనే సౌకర్యం వదులుకుంది. తోలు తాబేలుకైతే గట్టి చిప్ప కూడా లేదు. తాబేళ్లన్నింటిలోకీ పెద్దది అదే, 1988లో బ్రిటన్‌లోని వేల్స్ తీరానికి కొట్టుకొచ్చినది 916 కిలోలు తూగింది. మన దేశంలో అది గుడ్లు పెట్టేది అండమాన్ నికోబార్ దీవుల్లో.

ఇప్పుడు నీళ్ల సంగతి. నేల తాబేలుకు నీళ్లు అక్కర్లేదని కాదు, దొరికితే తాగుతుంది, వాన పడితే గుంటలో మూతి పెట్టి కూర్చుంటుంది. కాకపోతే దాని శరీరం నీళ్లు లేని రోజుల కోసం తయారైంది. గడ్డిలో, పళ్లలో, కండ పట్టిన ఆకుల్లో ఉండే తేమతో నెట్టుకొస్తుంది. మూత్రాశయంలో నీళ్లు నిలవ చేసుకుంటుంది, వ్యర్థాలను తెల్లటి ముద్దలా వదిలి నీటిని మిగుల్చుకుంటుంది. ఎండాకాలంలో నక్షత్ర తాబేలు పొద్దున, సాయంత్రం మాత్రమే కాస్త తిరిగి మిగతా టైమంతా పొద కింద కదలకుండా ఉంటుంది, వానలు మొదలైతే హుషారు వస్తుంది, జత కట్టేదీ అప్పుడే. మనం ఎత్తిపట్టుకుంటే భయపడి చాలా నేల తాబేళ్లు మూత్రం పోసేస్తాయి. అమెరికా ఎడారి తాబేళ్ల విషయంలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది, నెలల తరబడి దాచుకున్న నీళ్లు ఒక్క సెల్ఫీకి పోతాయి.

ఈ ఓర్పు వల్లే అనుకుంటా, చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన మొదటి జంతువుల్లో నేల తాబేళ్లున్నాయి. 1968 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ పంపిన జోండ్ 5 నౌకలో రెండు తాబేళ్లను పెట్టారు, బయల్దేరక ముందు నుంచే వాటికి తిండీ నీళ్లూ ఆపేశారు. చంద్రుణ్ని చుట్టి తిరిగొచ్చి హిందూ మహాసముద్రంలో పడిన నౌకలోంచి రెండింటినీ ప్రాణాలతో తీశారు. కాస్త బరువు తగ్గాయి, అంతే. మనుషులు చంద్రుడి చుట్టూ తిరగడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

సముద్ర తాబేలుది ఇంకో సమస్య. చుట్టూ నీళ్లే, అన్నీ ఉప్పు నీళ్లే. దాని కళ్ల దగ్గర ఉప్పు గ్రంథులుంటాయి, ఒంట్లో చేరిన ఉప్పును చిక్కటి కన్నీళ్లలా బయటికి పంపేస్తాయి. ఒడ్డున గుడ్లు పెడుతూ తాబేలు ఏడుస్తోందని, తల్లి బాధ అని కవిత్వం రాసేవాళ్లున్నారు. అది ఉప్పు పారబోసుకోవడం. మన మెత్త చిప్ప చెరువు తాబేలు మూడో దారి పట్టింది, చెరువు ఎండిపోతే బురదలో దూరి కదలకుండా వానలదాకా పడుకుంటుంది. చేను దున్నేటప్పుడు మట్టిలోంచి తాబేలు బయటపడిందంటే చాలాసార్లు ఇదే. పాపం దానికి హంసలు దొరకవు మరి.

నేల తాబేలుకు ఈత రాదన్నాను. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. హిందూ మహాసముద్రంలోని అల్దబ్రా దీవుల్లో, పసిఫిక్‌లోని గాలపాగోస్‌లో ఉండే రాక్షస తాబేళ్లు నేల తాబేళ్లే. మరి నడిసముద్రంలోని దీవులకు ఎలా చేరాయి? తేలుతూ. పెద్ద శరీరం, లోపల బోలెడంత గాలి, మెడ ఎత్తి పెట్టుకుంటే నెలల తరబడి మునగకుండా కొట్టుకుపోగలవు. 2004 డిసెంబరులో టాంజానియాలోని కింబిజీ తీరానికి ఒక అల్దబ్రా తాబేలు నడుచుకుంటూ వచ్చింది, కాళ్లకు సముద్రపు గవ్వల పురుగులు అతుక్కుని పెరిగి ఉన్నాయి, అంటే చాలా వారాలుగా నీళ్లలో ఉందన్నమాట. ఈ కథ చదివి నక్షత్ర తాబేలు కూడా తేలుతుందిలే అని ప్రయోగం చేయకండి. తేలడం వేరు, ఈదడం వేరు, నిట్టనిలువు గోడలున్న బావి అసలే వేరు.

ఈ రాక్షస తాబేళ్ల వయసుల గురించి అందరికీ తెలిసిందే. సెయింట్ హెలీనా దీవిలోని జోనాథన్ 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా. మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనూ గాలపాగోస్ తాబేలు ఒకటి ఉండేది, దాదాపు 125 ఏళ్లుంటాయని చెప్పేవారు, 2024 మార్చిలో చనిపోయింది.

తిండిలో తేడా పెంచుకునేవాళ్లకు అవసరం. తాబేళ్లు దేనికీ పళ్లు లేవు, చిలుక ముక్కులాంటి దవడ ఉంటుంది. నేల తాబేళ్లు ప్రధానంగా గడ్డి, ఆకులు, పూలు, రాలిన పళ్లు తింటాయి. చెరువు తాబేళ్లలో చాలావాటికి నత్తలు, చేపలు, కప్పలు, చచ్చినవి, నాచు, ఏదైనా ఓకే. పాత రోజుల్లో బావిలో తాబేలును వేస్తే నీళ్లు శుభ్రంగా ఉంటాయనేవారు, ఈ అలవాటు చూసే. ఆలివ్ రిడ్లే పీతలు, రొయ్యలు, జెల్లీ చేపలు తింటుంది, పెద్దయిన పచ్చ తాబేలు సముద్రపు గడ్డి మేస్తుంది.

గుడ్ల విషయంలో ప్రకృతి మనల్ని ఆటపట్టిస్తుంది. నేల తాబేలు గుడ్డు పెంకు గట్టిగా ఉంటుంది, సముద్ర తాబేలుది తోలులా మెత్తగా ఉంటుంది, సరే. కానీ మెత్త చిప్ప తాబేలు గుడ్డు పెంకు గట్టిది! నక్షత్ర తాబేలు ఒక్కో విడతలో పది లోపే పెడుతుంది, ఆలివ్ రిడ్లే వంద పైన పెడుతుంది. ఎందుకంటే సముద్రంలో పిల్లలు బతికే అవకాశం అంత తక్కువ. ఈ రెండింట్లోనూ పిల్ల ఆడదో మగదో ఇసుక వేడి, మట్టి వేడి నిర్ణయిస్తుంది, వేడి ఎక్కువైతే ఆడవి పుడతాయి. మెత్త చిప్ప తాబేళ్లలో మాత్రం అది పుట్టుకతోనే క్రోమోజోముల్లో రాసి ఉంటుంది. భూమి వేడెక్కుతుంటే వీటిలో ఎవరికి టెన్షన్ ఎక్కువో ఆలోచించండి.

ఇక నీళ్లలో మొదలై నేల మీదికొచ్చాయా, నేల మీద మొదలై నీళ్లలోకి పోయాయా అంటే, తాబేళ్ల మొదటి పూర్వీకుల గురించి శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. చైనాలోని గుయిజౌలో దొరికి 2008లో లోకానికి తెలిసిన ఓడోంటోకెలిస్ శిలాజం దాదాపు 22 కోట్ల ఏళ్ల నాటిది, దానికి కడుపు కింది పలక ఉంది, పైన చిప్ప ఇంకా పూర్తిగా రాలేదు, నోట్లో పళ్లున్నాయి. ఇప్పుడున్న నేల తాబేళ్ల విషయంలో మాత్రం అనుమానం లేదు, అవి చెరువు తాబేళ్లలాంటి పూర్వీకుల నుంచి వచ్చి, కొత్తగా నేలకు అలవాటు పడ్డవే. డైనోసార్లు పోయిన తర్వాతి కాలం నాటి సంగతి అది. అందుకే వాటి దగ్గరి చుట్టాలు ఇప్పటికీ మన చెరువుల్లో ఉన్నాయి.

మన దగ్గర ఏవేవి ఉన్నాయో ఒకసారి చూస్తే, నేల తాబేలుగా చెప్పుకోవాల్సింది నక్షత్ర తాబేలే. రాయలసీమ, దాన్ని ఆనుకున్న తమిళనాడు, కర్ణాటక ప్రాంతాలు, అటు గుజరాత్, రాజస్థాన్, పాకిస్తాన్‌లోని సింధ్, ఇటు శ్రీలంక దాని ఊళ్లు. నల్ల చిప్ప మీద పసుపు చుక్కల నుంచి నలువైపులా గీతలు, ఇంట్లో పెడితే అందంగా కనబడే ఆ గీతలే ఎండు గడ్డిలో దాన్ని కనబడకుండా చేస్తాయి. కృష్ణా, గోదావరుల్లో లీత్ మెత్త చిప్ప తాబేలు ఉంది, అంతరించే అంచుకు చేరిన జాతి. వీపు ఇంటి కప్పులా మధ్యలో లేచి ఉండే టెంట్ తాబేలు కూడా ఈ నదుల్లో ఉంటుంది. శ్రీకాకుళం నుంచి కిందికి తీరం పొడవునా ఆలివ్ రిడ్లేలు జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్యల్లోలా లక్షల్లో కాకపోయినా వస్తాయి. ఏటా అదే సీజన్‌లో చచ్చినవి కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేవు, సముద్ర తాబేలు సముద్రంలోనే మునిగి చస్తుంది.

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను చూసే ఉంటారు. సముద్రంలో పర్వతం మోసిన కూర్మావతారానికి, సముద్రానికి దగ్గర్లోనే కట్టిన గుడిలో, నీళ్లంటే పడని నేల తాబేళ్లు ఉండటం నాకు తమాషాగా అనిపిస్తుంది. భక్తికి ఈ తేడాలతో పనిలేదు, అది వేరే విషయం. చిక్కల్లా ఇళ్లలో వస్తోంది. ఈ మధ్య ఏ ఇంట్లో చూసినా హాల్లో నీళ్ల గిన్నెలో లోహపు తాబేలు. అది చైనా ఫెంగ్‌షుయ్ నుంచి వచ్చిన అలవాటు. బొమ్మ వరకు ఎవరికీ నష్టం లేదు, కానీ కలిసొస్తుందని బతికున్న నక్షత్ర తాబేలును తెచ్చి అదే పద్ధతిలో నీళ్ల టబ్బులో పెట్టేవాళ్లున్నారు.

పైగా అది నేరం. నక్షత్ర తాబేలు 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన సైటిస్ అనే ప్రపంచ దేశాల వన్యప్రాణి వ్యాపార ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోకి వచ్చింది. పట్టుబడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చెరువుల్లో దొరికే మెత్త చిప్ప తాబేలు కూడా మొదటి షెడ్యూల్లోనే ఉంది, కూర వండుకున్నా అదే శిక్ష. అయినా ఆగడం లేదు. 2015లో వచ్చిన ఒక అధ్యయనం మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేలు పిల్లలు పోతున్నాయని లెక్కగట్టింది. సూట్‌కేసుల్లో, సాక్సుల్లో చుట్టి విమానాల్లో పంపుతారు. 2018లో సింగపూర్ నుంచి 51 తాబేళ్లు వెనక్కి బెంగళూరుకు వచ్చాయి, అలా తిరిగొచ్చేవి బహు తక్కువ. వచ్చినా ఎక్కడ వదలాలన్నది తలనొప్పే. గుజరాత్ వైపు తాబేళ్లకు, దక్షిణాది తాబేళ్లకు జన్యుపరంగా తేడా ఉంది, కలిపేస్తే రెండూ పాడవుతాయి.

కాబట్టి రోడ్డు మీద తాబేలు కనబడితే, ఏనుగు కాళ్లుంటే అది వెళ్తున్న వైపే రోడ్డు దాటించి పొదల దగ్గర వదిలేయండి, అది దారి తప్పలేదు, దాని పని మీద అది పోతోంది. వేళ్ల మధ్య తోలు ఉంటే దగ్గర్లోని చెరువు గట్టు మీద పెట్టండి, నీళ్లలోకి విసరొద్దు, కావాలంటే అదే దిగుతుంది. దెబ్బ తగిలినా, ఎవరో పెంచి వదిలేసినట్టు అనిపించినా అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. బీచ్‌లో ఆలివ్ రిడ్లే పిల్లలు కనబడితే ఎత్తుకెళ్లి నీళ్లలో వేయొద్దు, వాటిని నడవనివ్వండి, సెల్ ఫోన్ లైటు వేయకండి. వెలుతురు ఉన్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి అవి.

ఇక అక్వేరియం షాపుల్లో అమ్మే, చెవి దగ్గర ఎర్ర గీత ఉండే బుల్లి ఆకుపచ్చ రంగు తాబేళ్లున్నాయి కదా. అవి మన దేశానివే కావు, అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతానివి. పూర్తి నీటి తాబేళ్లు, ఎండ కాచుకోవడానికి మధ్యలో ఒక రాయి మాత్రం ఉండాలి. కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటుంది, కొన్నేళ్లకు భోజనం పళ్లెమంత అవుతుంది. వీటి నుంచి సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా చిన్నపిల్లలకు సోకుతోందని అమెరికాలోనే 1975లో చిప్ప నాలుగు అంగుళాల లోపున్న తాబేళ్ల అమ్మకం ఆపేశారు. మన దగ్గర పెరిగి పెద్దయ్యాక విసుగొచ్చి గుడి కోనేట్లోనో చెరువులోనో వదులుతారు, అక్కడ ఇది హాయిగా ఈదుతుంది, చావదు, ఇబ్బంది అంతా అదే. మన నల్ల తాబేళ్ల తిండి తింటుంది, ఎండ కాచుకునే రాళ్లు ఆక్రమిస్తుంది. మరి ఎక్కడ వదలాలి అని అడుగుతారు. ఎక్కడా వదలకూడదు. పెద్ద తొట్టె కొని, వారం వారం నీళ్లు మార్చుకుంటూ ఇరవై ముప్పై ఏళ్లు పెంచాలి. అంత ఓపిక లేకపోతే షాపులో చూసి, వచ్చేయాలి.